మచ్చ పోతుంది సరే, చూపు మాటేమిటి?



చంటిబిడ్డ కనురెప్ప మీద ఎర్రని మచ్చ లేస్తే మన ఇళ్లలో పెద్దలు, "పుట్టుమచ్చే కదా, పెద్దయితే అదే పోతుంది" అంటారు. వైద్యం చేసేవారిలోనూ కొందరు ఇదే మాట అంటుంటారు. ఇందులో సగమే నిజం. మిగతా సగాన్ని నమ్మి కూర్చుంటే బిడ్డకు ఒక కంటి చూపు పోవచ్చు.

ఈ మెత్తని ఎర్ర గడ్డ పేరు హెమాంజియోమా. రక్తనాళాలు గుంపుగా పెరగడం వలన వస్తుంది. ఇది క్యాన్సర్ కాదు. గ్రహణం వలన గానీ, తల్లి తప్పు వలన గానీ రాదు. పుట్టిన కొద్ది వారాలలో కనిపించి, మొదటి నెలలలోనే వేగంగా పెరుగుతుంది. ఏడాది దాటాక మెల్లగా తగ్గుతూ కొన్నేళ్లకు చాలావరకు కరిగిపోతుంది. వీపు మీద చిన్నది ఉంటే వేచి చూడవచ్చు. కంటి దగ్గర ఉంటే అలా కాదు.

చూడటం బిడ్డ పుట్టాక నేర్చుకునే పని. గడ్డ బరువుకు రెప్ప వాలి కంటిపాపను మూసినా, ఒత్తిడికి నల్లగుడ్డు వంపు మారి చూపు మసకబారినా, మెదడు ఆ కంటిని పక్కన పెట్టేస్తుంది. దీన్నే లేజీ ఐ అంటారు. బిడ్డ రెండో కంటితో చూస్తూ ఆడుకుంటుంది కనుక ఇంట్లో ఎవరికీ తెలియదు. గడ్డ కరిగినా, ఆ కంటికి చూపు తనంతట తాను రాదు.

గుండె జబ్బులకు వాడే ప్రొప్రనొలాల్ ఈ గడ్డలను తగ్గిస్తుందని 2008లో ఫ్రాన్సులోని బోర్డో డాక్టర్లు ప్రకటించారు. నేడు మొదట ఇచ్చే మందు సాధారణంగా ఇదే. అయితే దీనివలన గుండె వేగం, రక్తంలో చక్కెర పడిపోవచ్చు. డాక్టరు చూడకుండా మందుల షాపులో కొని వేయకూడదు. కొందరికి కళ్లద్దాలు, మంచి కంటికి రోజూ కొంతసేపు ప్యాచ్ కూడా అవసరమవుతాయి. పసరు పూయడం, వాత పెట్టడం మాత్రం వద్దు.

నా మనవి ఒకటే. నెలన్నర, రెండున్నర, మూడున్నర నెలలకు టీకాల కోసం బిడ్డను ఎలాగూ తీసుకువస్తారు. గడ్డ పెరిగే కాలమూ అదే. ఆ రోజే సిస్టరుగారికి కన్ను చూపించండి. పిల్లల కంటి డాక్టరు దగ్గరకు వెళ్లమంటే ఆలస్యం చేయకండి. మిర్యాలగూడ నుండి రైలెక్కితే హైదరాబాదులో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆస్పత్రి, ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి ఉన్నాయి.

మిల్లు కూలికి వెళ్లే తల్లిదండ్రులకు ఆ ఒక్కరోజు కూలి, రైలు ఛార్జీ కూడా బరువే. ఆ బరువును సంఘంలో నలుగురం పంచుకుంటే, ఒక బిడ్డ రెండు కళ్లతో లోకాన్ని చూస్తుంది.