పాత కిటికీలు - కొత్త మ్రోత

ఏలూరు, తాడేపల్లిగూడెములలోని మండువా లోగిళ్ల టేకు కిటికీలు గాలికొఱకు పెట్టబడినవి. నేడు వానిగుండ రైలుకూతలు, మోటారు హారనుల మ్రోతలు ఇండ్లలో జొరబడుచున్నవి. అందులకై పెద్దలు పెట్టిన కలపను పెఱికి పాఱవైచుట అనుచితమని మా యభిప్రాయము. గాలి దూఱు సందుననే ధ్వనియు దూఱును. కావున వీథివైపు కిటికీరెక్కల సందులను ముందు రబ్బరు పట్టీలతో మూసి, పిదప లోపల నాలుగంగుళముల యెడముతో దళసరి గాజుతలుపు నమర్చవలెను. కొల్లేటి సీమ యుక్కపోతలో అన్నియు మూయుట యసాధ్యము గనుక మండువావైపు కిటికీలు తెఱచియుంచవలెను.

అయినను గృహస్థుడు కిటికీ మూసికొన్నంతమాత్రమున వీథి దోషము తీఱదు. నివాసప్రాంతములలో రాత్రివేళ ధ్వని 45 డెసిబెల్లులు మించరాదని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు శాసించుచున్నవి. వాని నమలుపఱచుట అధికారుల విధి; అమలుపఱచుడని నిలదీయుట పౌరుల విధి.