కోడలి సేవ, కొడుకు బాధ్యత

మంథని చుట్టుపక్కల పల్లెల నుంచి ఎందరో కొడుకులు గల్ఫ్ దేశాలకు వెళ్లారు. నెలనెలా డబ్బు పంపుతారు. మందులకు లోటుండదు. కాని మంచానపడిన తల్లిని అర్ధరాత్రి పక్కకు తిప్పి పడుకోబెట్టేదెవరు? పక్షవాతం వచ్చిన తండ్రికి స్నానం చేయించేదెవరు? చాలా ఇళ్లలో ఆ భారమంతా ఒక్క కోడలి మీదే పడుతోంది.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనలేం. పిల్లలు పట్టించుకోకపోతే 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ప్రకారం ట్రిబ్యునల్ నెలకు 10,000 రూపాయల వరకు భరణం ఇప్పించగలదు. 70 ఏళ్లు నిండిన వారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆస్పత్రి చికిత్స అందించే పథకాన్ని కేంద్రం 2024 అక్టోబరులో ప్రారంభించింది. అయితే ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక, ఒంటికి పుండు పడకుండా చూసుకునే మనిషిని ఈ రెండూ ఇవ్వవు.

వృద్ధులైన తల్లిదండ్రులను 'ఉఫ్' అని కూడా విసుక్కోరాదన్న ఆజ్ఞ బనీ ఇస్రాయీల్ సూరా 23వ ఆయత్‌లో ఉంది. ఆ ఆజ్ఞ సంతానానికి. అత్తమామల సేవ కోడలికి ఫర్జ్ కాదనీ, ఆమె చేస్తే అది ఇహ్‌సాన్ అనీ పలువురు ఉలమా వివరించారు. ఈ ఆయత్‌ను మేము పిల్లలకు ఎన్నోసార్లు బోధించాం. మీ ఇంట్లో ఆ సేవ ఎవరు చేస్తున్నారని మాత్రం అడగలేదు. అది మా లోపమే.

గల్ఫ్ వలసలు ఎక్కువగా ఉన్న కేరళ ఒక దారి చూపింది. కోజికోడ్‌లో 1993లో మొదలైన ఉపశమన సేవ మలప్పురం జిల్లాలో ఇరుగుపొరుగు కార్యకర్తల బృందాలుగా విస్తరించింది. వారు మంచానపడిన వారి ఇళ్లకే వెళ్తారు. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దీనిని తన విధానంగా స్వీకరించింది.

మనమూ ఇంత చేయలేమా? పరదేశంలో ఉన్న కొడుకు మందుల డబ్బుతోపాటు సహాయకుడి జీతం కూడా పంపాలి. మామగారికి స్నానం చేయించడానికి, బట్టలు మార్చడానికి మగమనిషిని కుదర్చాలి. మస్జిద్ కమిటీలు తమ మహల్లాలో మంచానపడిన వారెవరో తెలుసుకోవాలి. వారానికి రెండు పూటలు ఎవరైనా వెళ్లి ముసలివారి దగ్గర కూర్చుంటే, ఆ కోడలు పుట్టింటికి వెళ్లి రాగలదు, కంటినిండా నిద్రపోగలదు. సలహా కావాలంటే వృద్ధుల సహాయ ఫోన్ నంబరు 14567 ఉంది.

ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేసే కొడుకు అమ్మీ ఎలా ఉందని తప్పక అడుగుతాడు. నువ్వెలా ఉన్నావని భార్యనూ అడగాలి.