కడచీల లేని బండి

ఎడ్లబండి కట్టించుకొనిన రైతు ఇరుసు కొనకు కడచీల బిగింపనిదే బండిని వాకిలి దాటింపడు. దశరథుని రథమునకు చీల యూడిన వేళ కైక తన వ్రేలినే యచట నిలిపెనని మన పల్లెలలో చెప్పుకొను కథ, అంత చిన్న వస్తువుపై ఎంతటి ప్రాణము లాధారపడి యుండునో యెఱిగిన జనుల నోట నిలిచినది. అట్టి మనమే నేడు, ఏండ్ల తరబడి వాయిదాలు కట్టవలసిన కారును కొని, దాని తలుపులకు తాళము వేసి, చక్రములను మాత్రము ఏ పంక్చరు కొట్టులోనైనను దొరకు పానాకు వదలి నిద్రించుచున్నాము.

గత వర్షాకాలమున ఒడిశా సరిహద్దుననున్న మా బంధుగాం నుండి ఒక నిండు చూలాలిని కాన్పునకై మైదానపు పట్టణమునకు తీసికొనిపోయిన అద్దెకారులో నేనును ఉంటిని. రాత్రి వీధిలో నిలిపిన ఆ కారు తెల్లవారునప్పటికి మురుగుకాలువ వైపున రెండు రాళ్లపై నిలిచియుండెను. ఆ వైపు చక్రములు రెండును లేవు. స్టెప్నీ యొక్కటియే కలదు. స్టెప్నీ యను మాట వేల్సు దేశమునందలి లనెల్లీ పట్టణపు స్టెప్నీ వీధిలో 1904లో డేవీస్ సోదరులు కల్పించిన అదనపు చక్రమునుండి వచ్చినది. మేకు గ్రుచ్చుకొనిన చక్రమునకు బదులుగా పుట్టిన ఆ యుపాయము రెండు చక్రములు పోయిననాడు చాలదు. బాలింతను పసికందును ఇల్లు చేర్చుటకు వేఱొక బండిని వెదకవలసివచ్చెను. ఆ కారునే నమ్ముకొని బ్రతుకు కుఱ్ఱవాడు మూడు దినములు ఆ వీధిలోనే పడియుండి, డిస్కులును టైర్లును కొనుటకు ఆ నెల వాయిదా సొమ్మును వెచ్చించెను. వానికి గలది చట్టము తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ బీమా మాత్రమే. అది యెదుటివాని నష్టమును తీర్చునే కాని సొంతబండి చక్రమును తెచ్చియీయదు.

నివారణోపాయము స్వల్పమైనది. ప్రతి చక్రమునకును గల నాలుగైదు నట్లలో ఒకదానిని తీసి, దాని స్థానమున లాక్ నట్టును బిగించిన చాలును. సాధారణపు నట్టునకు ఆరు పలకలుండుటచే ఏ పానాయైనను పట్టును. లాక్ నట్టు తల గుండ్రముగ, నునుపుగ నుండి, అందు వంకరలుగా చెక్కిన గాడికి సరిపడు తాళపుబిళ్లతో తప్ప తిరుగదు. మేలురకపు దానికి తలచుట్టును విడిగా తిరిగెడు ఉక్కుకట్టు ఉండును. బిగువైన సాకెట్టును సుత్తితో దిగగొట్టి త్రిప్పినను ఆ కట్టు తిరుగునే కాని నట్టు కదలదు. తగిన పనిముట్లును తీరికయు గల దొంగ దీనినైనను ఊడదీయగలడు. కాని వీధిలో వానికి దొరకనిది ఆ తీరికయే.

కొనునపుడు మరకొలతను చూచుకొనవలెను. మారుతి కార్ల నట్లకు సాధారణముగా 12 మిల్లీమీటర్ల మర 1.25 ఎడముతోను, హ్యుందాయ్ కార్లకు 1.5 ఎడముతోను ఉండును. ఒకదానిని మఱొకదానికి బలవంతముగ నెక్కించినచో మరలే చెడును. మెకానిక్కు గన్నుతో బిగించినచో తాళపుబిళ్ల పగులవచ్చును గనుక చేతితోనే బిగింపించి, నూఱు కిలోమీటర్లలోపల మఱల సరిచూడవలెను. బిళ్లను ఇంట మఱచి ఘాటీ యెక్కినవానికి పంక్చరైననాడు తన తాళమే తనకు పగయగును.

అయినను భారమంతయు కొనువానిపై మోపుట న్యాయము కాదు. సీట్లకు తొడుగులు వేసి, అద్దమునకు నిమ్మకాయ కట్టి బండి నప్పగించు విక్రయశాల నాలుగు లాక్ నట్లను బిగించి యీయలేకపోదు. బిల్లు లేని చక్రమును కొను వర్తకుడును ఈ దొంగతనమున భాగస్థుడే. దొంగసొత్తని యెఱిగి పుచ్చుకొనుట భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను ప్రకారము నేరము. మఱి మా సరిహద్దువారికొక ప్రత్యేకమైన కష్టము కలదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేఱుపడువఱకు మా ప్రాంతమును విశాఖపట్టణపు జిల్లాయే. నేడు పార్వతీపురము ఒక రాష్ట్రమున, రాయగడ మఱొక రాష్ట్రమున నున్నవి. ఒకచోట పోయిన చక్రము రెండవచోట అమ్ముడుపోవుట సులభము, ఫిర్యాది ఠాణాల నడుమ తిరుగుట దుర్భరము. 2024 జూలై 1 నుండి అమలునందున్న నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను, నేరము ఎచ్చట జరిగినను ఫిర్యాదును వ్రాసికొనుమనుచున్నది. ఈ సంగతి మా డ్రైవర్లకందఱకును తెలియవలెను.

మా కుఱ్ఱవాడిప్పుడు నాలుగు చక్రములకును లాక్ నట్లు వేయించినాడు. తాళపుబిళ్ల పోయినచో మఱొకటి తెప్పించుటకు కావలసిన సంఖ్యను వాని తల్లి గోడమీది క్యాలెండరు వెనుక, పొలము పట్టా నంబరు ప్రక్కన, వ్రాయించి యుంచినది.