తుపాకిని అదుపు చేయమని అడిగే హక్కు విద్యార్థికి లేదా?

"చదువుకునేవాళ్లకు ఉద్యమాలెందుకు? బుద్ధిగా చదువుకుంటే చాలదా?" అనే మాట మీరు చాలాసార్లు విని ఉంటారు. ఇప్పుడు మీరూ విద్యార్థులే. పగలంతా పని చేసుకుని, రాత్రిపూట ఈ పుస్తకం తెరిచేవారు మీలో ఎందరో ఉన్నారు. కనుక ఈ ప్రశ్న మీకూ వర్తిస్తుంది. తుపాకి హింసకు వ్యతిరేకంగా విద్యార్థులు నడిపిన ఒక ఉద్యమాన్ని చూసి, దీనికి జవాబు వెతుకుదాం.

పార్క్‌లాండ్ విద్యార్థులు ఏం చేశారు?

2018 ఫిబ్రవరి 14న అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, పార్క్‌లాండ్ అనే ఊళ్లోని ఉన్నత పాఠశాలలోకి 19 ఏళ్ల యువకుడొకడు తుపాకితో వచ్చాడు. అతడు ఆ బడిలోనే చదివినవాడు. కొద్ది నిమిషాలలో 14 మంది విద్యార్థులను, ముగ్గురు సిబ్బందిని చంపాడు. ఆ తుపాకి దొంగిలించినది కాదు. చట్టప్రకారం కొన్నదే.

ఆ దేశంలో ఇటువంటి ఘోరం అదే మొదటిది కాదు. 1999లో కొలంబైన్ బడిలో, 2012లో శాండీ హుక్ బడిలో కూడా పిల్లలు తుపాకికి బలి అయ్యారు. ప్రతిసారీ పెద్దలు సంతాపం తెలిపారు. ఈసారి మాత్రం, బతికి బయటపడిన పిల్లలు సంతాపంతో ఊరుకోలేదు. వారం తిరిగేలోగా సుమారు వందమంది బస్సుల్లో రాష్ట్ర రాజధానికి వెళ్లి శాసనసభ్యులను కలిశారు. మార్చి 14న దేశమంతటా విద్యార్థులు తరగతుల నుంచి బయటికి వచ్చారు. మరణించిన 17 మందికి గుర్తుగా 17 నిమిషాలు నిలబడ్డారు. మార్చి 24న వాషింగ్టన్‌లో పెద్ద ప్రదర్శన జరిగింది.

వారిలో చాలామందికి అప్పటికి ఓటు హక్కు కూడా లేదు. అయినా మార్చి 9నే, అంటే కాల్పులు జరిగి నెల తిరగకముందే, ఫ్లోరిడాలో కొత్త చట్టం వచ్చింది. తుపాకి కొనడానికి కనీస వయస్సు 18 నుంచి 21 ఏళ్లకు పెరిగింది. కొన్న తుపాకి చేతికి రావడానికి మూడు రోజులు ఆగాలన్న నియమం వచ్చింది. ప్రమాదకరంగా ప్రవర్తించే మనిషి దగ్గర నుంచి న్యాయస్థానం ఆజ్ఞతో తుపాకిని కొంతకాలం తీసి ఉంచే వీలు కలిగింది.

అడిగినవన్నీ దొరికాయా అంటే, లేదు. అటువంటి తుపాకుల అమ్మకాన్నే నిషేధించాలన్న కోరికను శాసనసభ పట్టించుకోలేదు. పైగా బడి సిబ్బందిలో కొందరికి తుపాకులిచ్చే ఏర్పాటును అదే చట్టంలో చేర్చారు. విద్యార్థులలో చాలామందికి ఇది నచ్చలేదు. అయినా వారు మానలేదు. 2022 జూన్‌లో దేశమంతటికీ వర్తించే తుపాకి చట్టం ఒకటి వచ్చింది. అంతటి చట్టం రావడం సుమారు 30 ఏళ్లలో అదే మొదటిసారి.

అది వాళ్ల గొడవ కదా?

"అమెరికా సంగతి మనకెందుకు?" అని మీకు సందేహం రావచ్చు. ఈనాడు తెలుగు కుటుంబాలలో అమెరికాలో చదువుకునే పిల్లలున్న ఇళ్లు ఎన్నో! 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలో హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజనీరు, 2018 జులైలో కాన్సాస్ సిటీలో తెలంగాణ నుంచి వెళ్లిన విద్యార్థి తుపాకి గుండ్లకు బలి అయ్యారు. అక్కడి విద్యార్థులు కోరిన రక్షణ మన పిల్లలకూ రక్షణే.

అంత దూరం పోనక్కరలేదు. భిలాయి స్మృతి నగర్‌లో ఈ పాఠం చదువుతున్నవారు తమ ఊరి చరిత్రనే తలుచుకోవచ్చు. కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగి 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున, భిలాయిలో నిద్రలో ఉండగానే తుపాకి గుండుకు బలి అయ్యారు. 1992 జులై 1న పవర్ హౌస్ స్టేషను దగ్గర రైలుపట్టాలపై కూర్చున్న కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపారు. పదిహేనుమందికి పైగా చనిపోయారు. కాల్చినది హంతకుడైనా, పోలీసైనా, అనాథలయ్యేది పిల్లలే.

మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ఉంది. లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకోరాదు. మామూలుగా 21 ఏళ్లు నిండనివారికి లైసెన్సు ఇవ్వరు. పెళ్లి ఊరేగింపుల్లో సరదాకు తుపాకి పేల్చడం ఉత్తరాదిన కొన్నిచోట్ల అలవాటు. 2019లో ఈ చట్టాన్ని సవరించి, అలా పేల్చినవారికి రెండేళ్ల వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించే వీలు కల్పించారు. కాని నాటు తుపాకికి లైసెన్సు ఉండదు. పక్కింటివారు నోరు మెదపకపోతే చట్టం పుస్తకంలోనే ఉండిపోతుంది.

కోపం ఒక్కటే చాలదు

విద్యార్థుల ఉద్యమం దారి తప్పుతుందని పెద్దలు భయపడతారు. ఆ భయాన్ని కొట్టిపారేయలేము. 1966లో విశాఖ ఉక్కు కర్మాగారం కోసం తెలుగు విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. నవంబరు 1న విశాఖపట్నంలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అయినా ఆ కోరిక చావలేదు. కర్మాగారం విశాఖలోనే నిర్మిస్తామని 1970 ఏప్రిల్ 17న ప్రధాని ఇందిరాగాంధీ ప్రకటించారు. తుపాకి మనుషులను చంపగలిగింది గాని, స్పష్టమైన కోరికను చంపలేకపోయింది.

నా అభిప్రాయంలో ఉద్యమానికి బలం కోరిక స్పష్టంగా ఉండడంలోనే ఉంది. వినతిపత్రం ఎలా రాస్తారో మీకు తెలుసు. ఎవరికి రాస్తున్నాము, ఏం కోరుతున్నాము, ఎందుకు కోరుతున్నాము అనే మూడూ అందులో ఉండాలి. పార్క్‌లాండ్ విద్యార్థులు చేసినది ఇదే. శాసనసభ్యులను ఉద్దేశించారు. కొనే వయస్సు పెంచమన్నారు. తోటి పిల్లల మరణాన్ని కారణంగా చూపారు. రాయి విసిరితే ఆ రాయి గురించే మాట్లాడుకుంటారు, కోరిక మరుగున పడుతుంది. తుపాకిని వద్దనేవారు హింసకు దిగితే వారి మాటకు విలువ ఉండదు.

కనుక "చదువుకునేవాళ్లకు ఉద్యమాలెందుకు?" అని ఎవరైనా అడిగితే, "చదువుకున్నందుకే" అని చెప్పండి. చట్టాన్ని చదివి అర్థం చేసుకోవడం, అందులో లోటు కనబడితే సంతకం పెట్టి అడగడం కూడా చదువులో భాగమే. ఓటు లేని పిల్లలు అడగగలిగినప్పుడు, ఓటున్న మీరు అడగలేరా?

ఆలోచించి రాయండి

1. పార్క్‌లాండ్ విద్యార్థుల కోరికలలో నెరవేరినవి ఏవి? నెరవేరనిది ఏది?
2. పెళ్లిలో తుపాకి పేల్చడాన్ని మీ పేటలో జరగనివ్వకుండా చూడమని కోరుతూ జిల్లా కలెక్టరుకు పది వాక్యాలలో వినతిపత్రం రాయండి.
3. రచయిత అభిప్రాయంతో మీరు ఏకీభవించకపోతే, మీ కారణాలు రాయండి.