ఇంటిలోని పిట్టగోడ

మేడమీది పిట్టగోడ యెల్లరు నెరిగినదే. వసారా యంచున నుండు పిట్టగోడయు క్రొత్తది కాదు. ఇప్పటి యిండ్లలో వంటయిల్లును, భోజనపు గదియు, నలుగురు కూర్చుండు చావడియు నొక్కటిగా కలిసియుండుటచే, వాని నడుమ నిట్టి పొట్టిగోడ నొకదానిని పెట్టించుకొనవలెనని పలువురు గృహిణులు కోరుచున్నారు. ఆ కోరిక సమంజసమైనదే. నిండుగోడ పెట్టినచో గాలియు వెలుతురును తగ్గును. వంటచేయు ఇల్లాలు ఇంటివారి మాటలకు దూరమగును. ఆడుకొను బిడ్డ కంటికి కానరాడు. గోడయే లేనిచో, వచ్చినవారి యెదుట అంట్లగిన్నెలతో సహా వంటయిల్లంతయు బయటపడును. ఈ రెండు చిక్కులకును పిట్టగోడ మంచి మధ్యమార్గము.

అయితే సోదరీమణులారా, పిట్టగోడ యనగా నిండుగోడలో సగమని తలపరాదు. నిండుగోడకు పైన కప్పును, క్రింద నేలయు, ప్రక్కల గోడలును ఊతమగును. పిట్టగోడకు పైయూత లేదు. తరచుగా ఒక కొన యందు ప్రక్కయూతయు నుండదు. దాని బలమంతయు పాదమునందే యుండవలెను. 42 అంగుళముల యెత్తున నొకరు చేయిమోపి త్రోసినచో, 4 అంగుళముల మందముగల గోడ మొదటిలో ఆ బలము పదిరెట్లకు పైబడి బిగింపును పెకలింప జూచును. దీనిని పట్టుకొని లేచు వృద్ధులును, దీనిపై కెక్కజూచు పిల్లలును ఇంట నుందురు గదా! కావున సొగసుకంటె ముందు నిలుకడను విచారింపవలెను.

ఇటుకయా, కఱ్ఱయా యనునది మొదటి ప్రశ్న. 6 అడుగుల పొడవు, 3½ అడుగుల యెత్తు గల 4½ అంగుళముల ఇటుకగోడ ఇంచుమించు 400 కిలోలు తూగును. పై అంతస్తులలో, క్రింద దూలము లేనిచోట, ఇంత బరువు మోపుటకు ముందు ఇంజనీరు నడుగక తప్పదు. కఱ్ఱచట్రమునకు ఇరువైపుల ప్లైవుడ్డు పలకలు బిగించి చేసిన గోడ ఇందులో అయిదవవంతైనను తూగదు. అట్టి తావులందు చట్రమే మేలు.

చట్రమునకు 3 అంగుళముల వెడల్పు, 2 అంగుళముల మందము గల బాగుగా నెండిన కఱ్ఱ చాలును. నేలమీద నొక పట్టె, పైన నొక పట్టె, నడుమ నిలువు కఱ్ఱలు. ఇదియే దాని స్వరూపము. 42 అంగుళముల గోడ యని నిలువు కఱ్ఱలను 42 అంగుళములకు కోయింపరాదు. క్రింది పట్టె 2, పై పట్టె 2, మీద పరచు బల్ల 1, వెరసి 5 అంగుళములు పోగా 37 అంగుళములకే కోయింపవలెను. కఱ్ఱ నడిమినుండి కఱ్ఱ నడిమికి 16 అంగుళముల యెడముంచవలెను. ప్లైవుడ్డు పలక 4 అడుగుల వెడల్పు గలది గనుక, మూడు యెడములు ముగియుచోట పలక యంచు కఱ్ఱమీదనే వచ్చి గట్టిగా కూర్చుండును. అమెరికాలో నివసించు మన ఆడపడుచుల యిండ్లలో లోపలి గోడలు తరచుగా ఇట్టి చట్రములే. అచ్చటను ఈ 16 అంగుళముల లెక్కయే వాడుక. కాని అచ్చట ‘టూ బై ఫోర్’ అని యమ్ము కఱ్ఱ నిజమునకు 1½, 3½ అంగుళములే యుండును. దానికి తగినట్లు లెక్క మార్చుకొనవలెను.

ఇక ముఖ్యమైనది విడికొన. గోడ కానియున్న కొనను ఆ గోడకే బోల్టులతో బిగింపవచ్చును. విడికొన యందలి నిలువు కఱ్ఱను క్రింది పట్టెకు వట్టి మేకులతో కొట్టి వదలినచో, నాలుగునాళ్లకే ఊగులాట మొదలగును. దానికి ఇనుప మూలపట్టీ తగిలించి, కాంక్రీటు నేలలోనికి దిగిన బోల్టులతో బిగింపవలెను. కఱ్ఱనేల గల యిండ్లలో ఆ కఱ్ఱనే నేల క్రిందికి దింపి దూలమునకు బోల్టులతో బిగింతురు. చోటున్నచో మరియొక యుపాయము గలదు: విడికొన యొద్ద గోడను మూలగా త్రిప్పి ఒకటిన్నర అడుగు సాగించుట. పలుచని పుస్తకమును మూసి నిలబెట్టినచో పడును. కొంచెము తెరచి నిలబెట్టినచో నిలుచును. ఇచ్చటి న్యాయమును అదియే.

నేలను తొలుచుటకు ముందు నీటిగొట్టములును, విద్యుత్తు తీగెలును ఎచ్చట పోవుచున్నవో విచారించుకొనవలెను. వంటయింటి నేల నీళ్లతో కడుగుట మన యలవాటు గనుక క్రింది పట్టెకు చెదలమందు పూయించి, పలక యంచును నేలకు అర అంగుళము పైకుంచి, అడుగున పలుచని రాతిపట్టీ నంటించి సందులు పూడ్పింపవలెను. పొయ్యిని మాత్ర మీ గోడ కానించి యుంచరాదు.

పలకలు కప్పిన పిదప లోపలి లోపము కంటికి కానరాదు. కావున పని మొదలిడిన నాడే, “చట్రము నిలిపిన తరువాత నన్ను పిలువు నాయనా, నేను చూడనిదే పలకలు కొట్టవద్దు” అని వడ్రంగితో చెప్పియుంచుడు. పిలిచినప్పుడు రసమట్టముతో పై పట్టెను, తూకపుగుండుతో నిలువు కఱ్ఱలను చూపుమనుడు. పిదప మీరే విడికొన పైభాగమున రెండు చేతులు మోపి, మీ బరువంతయు నానించి ముందునకును వెనుకకును త్రోయుడు. కంటికి కనబడునంత కదలిక యున్నను ఒప్పుకొనకుడు. పైన రెండు మేకులు ఎక్కువ కొట్టిన చాలునందురు, అది చాలదు. కదలిక మొదటిలో నున్నది. బిగింపును అచ్చటనే జరుగవలెను. ఆనాటి యరగంట యాలస్యము వలన నష్టము లేదు. పదేండ్ల తరువాత ఇంటి పెద్దలు ఆ గోడపై చేయి వేసి లేచునప్పుడు అది కదలక నిలుచుటయే ఆ యరగంటకు ఫలము.