రెండు మార్కుల వసంతం

'వసంత ఋతువు గురించి రాయుము.' రెండు మార్కులు.

ఐదో తరగతి పిల్లాడికి ఇదో పెద్ద ప్రశ్నే కాదు. 'చైత్ర, వైశాఖ మాసాలను వసంత ఋతువు అంటారు. చెట్లు చిగురిస్తాయి. కోయిలలు కూస్తాయి' అని గబగబా రాసేసి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతాడు. రెండుకి రెండు మార్కులూ పడతాయి. సరిగ్గా అదే సమయానికి కిటికీ అవతల వేపచెట్టు నిండా పూత ఉంటుంది. గాలి వీస్తే నాలుగు పూలు వచ్చి జవాబు పత్రం మీదే పడొచ్చు. వాడు వాటిని ఉఫ్‌మని ఊదేసి మళ్లీ రాతలో పడతాడు. తలెత్తి బయటికి చూస్తే మాస్టారు ఊరుకోరు మరి!

మన దగ్గర వచ్చిన చిక్కల్లా ఇదే. వసంతమూ వార్షిక పరీక్షలూ కలిసే వస్తాయి. ఫిబ్రవరిలో రివిజన్లు, మార్చిలో పదో తరగతి పరీక్షలు, ఏప్రిల్‌లో మిగతావాళ్లవి. ఆరుబయట చూడాల్సినవి ఎక్కువగా ఉన్న నెలల్లోనే పిల్లల్ని గదుల్లో కూర్చోబెడతాం. పరీక్షలైపోయి బయటపడేసరికి మే ఎండలు. అప్పుడు ఆడుకోవడానికి వెళ్తానంటే అమ్మ ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడమే న్యాయం కూడా.

అయినా ఓ వెసులుబాటు ఉంది... ఒంటిపూట బడి. మార్చి మధ్య నుంచి పొద్దున్న ఎనిమిదింటి ప్రాంతంలోనే గంట కొట్టేస్తారు. ఎండ ముదిరేలోపు గంటో, గంటన్నరో చేతిలో ఉంటుంది. వారానికి ఒక్కరోజు, ఒక్క పీరియడు చెట్టు కిందికి మారిస్తే సిలబస్ ఏమీ మునిగిపోదు.

చెట్టు కింద చూడ్డానికి ఏముంటుంది అంటారా? రావిచెట్టునే చూడండి. 'శిశిరంలో ఆకులు రాలును, వసంతంలో చిగురించును' అని పుస్తకం రెండు వేర్వేరు వాక్యాల్లో చెప్పిన పని, అది కొద్దిరోజుల తేడాలోనే కానిచ్చేస్తుంది. నిన్నటిదాకా మోడులా ఉన్న కొమ్మలకి రాగిరంగు చిగుళ్లు తళతళలాడుతుంటాయి. మోదుగైతే చైత్రం వచ్చేదాకా ఆగనే ఆగదు. ఫాల్గుణంలోనే, ఆకులు దాదాపుగా రాల్చేసుకుని, చెట్టంతా నారింజ రంగు పూలతో నిలబడుతుంది. హోలీకి ఆ పూలు నానబెట్టి రంగు చేసిన తాతయ్యలు ఇంకా మనమధ్యే ఉన్నారు. 'మరి మన పుస్తకంలో చైత్రం అని ఎందుకుంది టీచర్?' అని ఎవరైనా అడిగారనుకోండి... ఆ టీచరుకీ వెంటనే జవాబు తోచకపోవచ్చు. ఏం పర్లేదు, ఇద్దరూ కలిసి వెతుక్కోవచ్చు.

ఇక కోయిల. దాని పాట విననివాళ్లు లేరు, దాన్ని చూసిన పిల్లలు మాత్రం తక్కువే. నల్లగా నిగనిగలాడుతూ, ఎర్రటి కళ్లతో కొమ్మల మధ్య దాక్కుని 'కుహూ' అని స్వరం పెంచుకుంటూ పోయేది మగపక్షి. ఆడది గోధుమ రంగులో, ఒళ్లంతా తెల్లటి మచ్చలతో ఉంటుంది. కనిపించినా చాలామంది అదేదో వేరే పిట్ట అనుకుంటారు. పోనీ, మిగతా నెలల్లో కోయిల ఎక్కడికి పోతుంది? మన ఊళ్లలో చాలాచోట్ల ఎక్కడికీ పోదు. కూయడం తగ్గిస్తుందంతే! గూడు కట్టే బాధ్యత కూడా పెట్టుకోదు. కాకి గూట్లో గుడ్డు పెట్టేసి పోతుంది. బడి ఆవరణలో కాకిగూడు ఉందంటే, కోయిల జంట దాని చుట్టూ ఎందుకు తచ్చాడుతోందో, కాకి ఎందుకు తరుముతోందో వారం రోజులు గమనిస్తే చాలు. టీవీలో వచ్చే ఏ సీరియలూ దాని ముందు నిలవదు.

ఇవన్నీ కొత్తగా నేర్పక్కర్లేని పిల్లలూ ఉన్నారు. ఆదిలాబాద్, భద్రాచలం అడవుల్లో ఈ రోజుల్లోనే ఇప్పపూలు రాలతాయి. తెల్లవారుజామునే ఇంటిల్లిపాదీ బుట్టలు పట్టుకుని బయల్దేరతారు, వెంట పిల్లలూ ఉంటారు. ఏ చెట్టు ముందు రాలుస్తుందో, ఏది ఆలస్యమో, రాత్రి ఏ జంతువు వచ్చి తినిపోయిందో వాళ్లకి తెలుసు. కానీ హాజరుపట్టీలో వాళ్ల పేరుకెదురుగా పడేది 'ఆబ్సెంట్'! మర్నాడు వచ్చినప్పుడు, చూసొచ్చిందేమిటో తరగతి ముందు నిలబడి చెప్పమంటే ఎంత బాగుంటుంది!

బడి అంటే నాలుగు గోడలు కాదని చాలాకాలం క్రితమే అనుకున్నవారున్నారు. 1901లో రవీంద్రనాథ్ టాగోర్ శాంతినికేతన్‌లో కొద్దిమంది పిల్లలతో బడి మొదలుపెట్టి చెట్ల కిందే పాఠాలు చెప్పించారు. ఆ పద్ధతి అక్కడ ఇప్పటికీ ఉంది. 1919లో ఆయన మన మదనపల్లె వచ్చినప్పుడే 'జనగణమన'ను ఇంగ్లిష్‌లోకి అనువదించారు. ఆ మదనపల్లె దగ్గరే ఉంది జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషివ్యాలీ పాఠశాల. 1991లో ఆ లోయ పక్షుల రక్షిత ప్రాంతమైంది. సాయంత్రం పిల్లలంతా మాటల్లేకుండా కూర్చుని సూర్యాస్తమయాన్ని చూడటం అక్కడ దినచర్యలో భాగం.

'వాళ్లకి కొండలూ, లోయలూ ఉన్నాయి. మా బడికి ఆటస్థలమే లేదు' అంటారు కొందరు. నిజమే. అపార్ట్‌మెంట్లలో నడిచే బడులకి వాకిలే ఉండదు. కానీ గేటు ముందు రోడ్డు పక్కన ఒక కానుగ చెట్టో, వేపో ఉంటుందిగా! 'సీజన్‌వాచ్' అనే కార్యక్రమంలో పిల్లలు చేసేది అంతే. ఒక్క చెట్టుని ఎంచుకుంటారు. వారానికోసారి దాని దగ్గరికెళ్లి చిగుళ్లు, మొగ్గలు, పూలు, కాయలు... ఒక్కోదాని ఎదురుగా 'లేవు', 'కొన్ని', 'చాలా' అని రాస్తారు. కేరళ బడులు ఇందులో ముందున్నాయి. మనం రేల అనే చెట్టుని వాళ్లు కణికొన్న అంటారు. విషు పండక్కి పూయాల్సిన ఆ చెట్టు ముందే పూసేస్తోందన్న మాట అక్కడ వినిపిస్తుంటుంది. నిజమో కాదో తేలాలంటే ఏళ్ల తరబడి రాసిన లెక్కలు కావాలి. ఆ లెక్కల్లో ఆరో తరగతి పిల్లలు రాసినవీ ఉంటాయి మరి.

ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకూ పదిరోజులు పుస్తకాల సంచి లేకుండా బడికి రావచ్చని 2020 జాతీయ విద్యావిధానం కూడా చెప్పింది. ఆ సంగతి పేరెంట్స్ మీటింగ్‌లో ఎవరైనా ఎత్తారా? మార్కుల గురించైతే గంటసేపు మాట్లాడుకుంటాం.

ఎండ భయం ఉండాల్సిందే. తొమ్మిదిన్నర లోపు ముగించాలి, నెత్తిన టోపీ, చేతిలో నీళ్లసీసా తప్పనిసరి. చెత్త పేరుకున్నచోట, పొదల్లోనూ చేతులు పెట్టొద్దని ముందే చెప్పాలి.

బడిలో కుదరకపోతే ఇంటి దగ్గరే మొదలుపెట్టొచ్చు. ఉగాది పచ్చడికి వేపపూత కోసేది ఎలాగూ ఏదో ఒక చెట్టు నుంచే. ఆ రోజు పిల్లల్నీ తీసుకెళ్లి, పువ్వుకి ఎన్ని రెక్కలున్నాయో లెక్కపెట్టించి (అయిదుంటాయి) తేదీ వేసి రాయించండి. ఏప్రిల్‌లో పచ్చి పిందెలు కనిపించినప్పుడు మరో తేదీ. సెలవుల్లో పాత పుస్తకాలు కిలోల లెక్కన అమ్మేసేటప్పుడు మాత్రం ఆ ఒక్క నోటుబుక్కూ తీసి పక్కన పెట్టండి. జూన్‌లో బడి తెరిచేసరికి వేపపళ్లు పండటం మొదలవుతుంది. మూడో తేదీ రాసుకోవాలి.