బుల్లి సీసా... బోలెడు ఆశ!

అత్తగారు గోరువెచ్చటి పాలల్లో తోడు వేస్తోంది. కోడలు ఫ్రిజ్ తలుపు తీసి, గుప్పెట్లో పట్టేంత బుల్లి సీసాలు అయిదు వరసగా సర్దుతోంది.

'అదేంటమ్మాయ్, దగ్గు మందా?'

'కాదత్తయ్యా, ప్రోబయోటిక్ డ్రింకు. పిల్లల కోసం అనుకునేవాళ్లు ముందు నుంచే తాగితే మంచిదట. మా ఆఫీసులో చెప్పారు.'

'ఆ మంచేదో ఈ గిన్నెలో లేదంటావా?'

ఇద్దరిలో ఎవరి మాట నిజం? ఇద్దరిదీ... కొంత కొంత!

పుల్లటి పాల కథ

ఒంటికి మేలు చేసే బ్యాక్టీరియా అన్న ఆలోచన ఇప్పటిది కాదు. రోగనిరోధక శక్తి మీద చేసిన పరిశోధనలకు 1908లో నోబెల్ అందుకున్న ఎలీ మెచ్నికాఫ్, బల్గేరియా పల్లెవాసుల దీర్ఘాయుష్షుకు వాళ్లు తాగే పుల్లటి పాలే కారణమని నమ్మాడు. తానూ రోజూ తాగేవాడు. జపాన్ శాస్త్రవేత్త మినోరు షిరోటా 1930లో, కడుపులోని ఆమ్లాన్ని తట్టుకుని పేగుల దాకా చేరగల ఓ రకం బ్యాక్టీరియాను ఎంచి పెంచాడు. 1935లో అదే 'యాకుల్ట్' పానీయంగా మార్కెట్లోకి వచ్చింది. మనదేశంలో అమ్మే 65 మిల్లీలీటర్ల సీసాలో అలాంటివి 650 కోట్లకు పైగా ఉంటాయన్నది కంపెనీ లెక్క.

పెరుగులోనూ కోట్లలోనే ఉంటాయి. కాకపోతే ఏ ఇంటి తోడులో ఏ రకం ఎన్ని ఉన్నాయో చెప్పలేం. తగినంత మోతాదులో తీసుకుంటే ఆరోగ్యానికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవుల్నే ప్రోబయోటిక్స్ అనాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల నిపుణులు 2001లో నిర్వచించారు. ఆ లెక్కన ఇంటి పెరుగుకు ఆ పేరు దక్కకపోవచ్చు. అయితేనేం... మాంసకృత్తులు, క్యాల్షియం, కొంత బి12 అందులో ఉన్నాయిగా! గోదావరి జిల్లాల తరవాణి, వేసవి చద్దన్నం కూడా పులియబెట్టిన కుటుంబంలోవే. ఇడ్లీ పిండి పులిసినా, ఆవిరికి బ్యాక్టీరియా బతకదు. మజ్జిగ పులుసూ అంతే.

సీసా తాగితే త్వరగా నెల తప్పుతుందా?

అలాగని రుజువు లేదు. బ్రిటన్, సింగపూర్, న్యూజిలాండ్‌లలో గర్భం కోసం ప్రయత్నిస్తున్న 1,729 మంది మహిళలతో ఓ పెద్ద పరిశోధన జరిగింది. కొందరికి మామూలు విటమిన్ల పానీయం ఇచ్చారు. మిగిలినవారికి ప్రోబయోటిక్స్, మయో-ఇనోసిటాల్, మరికొన్ని పోషకాలు కలిపి ఇచ్చారు. 2021లో ఫలితాలు వెల్లడించారు. గర్భిణుల్లో రక్తంలోని చక్కెర విషయంలో తేడా కనిపించలేదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు మాత్రం రెండో బృందంలో తక్కువ. అది ఏ దినుసు పుణ్యమో? అన్నీ కలిపి ఇచ్చారు కాబట్టి చెప్పలేం!

అదే ఏడాది వచ్చిన కోక్రేన్ సమీక్ష ఇంకో హెచ్చరిక చేసింది. గర్భిణులకు మధుమేహం రాకుండా ఇచ్చిన ప్రోబయోటిక్స్‌తో స్పష్టమైన లాభం కనిపించకపోగా, బీపీ పెరిగే ప్రీ-ఎక్లాంప్సియా ముప్పు ఎక్కువైందని తేల్చింది. పెరుగన్నం మానాలని దీనర్థం కాదు. ప్రోబయోటిక్ మాత్రలు, డ్రింకులు వాడుతున్నవాళ్లు నెల తప్పగానే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పాలి.

మరిచిపోతున్న చిన్న మాత్ర

సీసా హడావుడిలో వెనక్కి పోతున్నది ఫోలిక్ యాసిడ్. బిడ్డ మెదడు, వెన్నుపాము ఏర్పడే నాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి తాము తల్లి కాబోతున్నామనే తెలియదు! అందుకే కనీసం నెల ముందు నుంచి రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోవాలంటారు వైద్యులు. గతంలో ఇలాంటి లోపంతో బిడ్డ పుట్టినవారికీ, మధుమేహం ఉన్నవారికీ మోతాదు పెరుగుతుంది. అది డాక్టరే నిర్ణయించాలి. పాలకూర, తోటకూర, పెసలు, సెనగల్లో ఫోలేట్ ఉన్నా, మాత్రకు అవి బదులు కావు. పెరుగైతే అసలే కాదు.

రెండోది రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు 59 మందికి, తెలంగాణలో 58 మందికి ఆ సమస్య ఉంది. ముందే పరీక్ష చేయించుకుంటే గర్భం వచ్చేలోగా సరిదిద్దుకోవచ్చు. ఐరన్ మాత్రను పెరుగన్నంతోనో, పాలతోనో వేసుకోవద్దు. క్యాల్షియం ఇనుమును సరిగా ఒంటపట్టనివ్వదు.

కొనేముందు...

* లేబుల్ మీద చక్కెర ఎంతో చూడండి. పీసీఓఎస్, మధుమేహం ఉన్నవారికి ఇది ముఖ్యం.
* ఫ్రిజ్‌లో పెట్టి అమ్ముతున్న చోటే కొనండి. ఎండలో తెస్తే సూక్ష్మజీవులు తగ్గిపోతాయి.
* కొంబుచాలో పులియడం వల్ల కొద్దిగా ఆల్కహాల్ ఉంటుంది. గర్భం కోసం ప్రయత్నిస్తున్నప్పుడు దూరంగా ఉంచడమే మేలు.
* రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారు డాక్టర్‌ను అడగనిదే ప్రోబయోటిక్స్ మొదలుపెట్టకూడదు.

ఇంతకీ మన కథలో అబ్బాయేడీ? వీర్యకణాలు తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. అంటే సిగరెట్టు, మందు మానాల్సింది కూడా ముందు నుంచే. ఆహార నియమాలన్నీ కోడలికే అంటే కుదరదు!

సీసా ఇష్టమైతే తాగొచ్చు, ఇంట్లో తోడుపెట్టిన గిన్నెడు పెరుగైనా తినొచ్చు. ఫ్రిజ్‌లో వాటికి చోటిచ్చినట్టే, రోజూ కళ్లబడేలా భోజనాల బల్ల మీద ఆ చిన్న మాత్రల పట్టీకీ కాస్త చోటివ్వండి.